మొద్దు చప్పుడు

చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో జగదీశ్వర్ సైకిల్ దుకాణం ఇరవై ఏళ్లుగా ఉంది. కింద దుకాణం, పైన ఇల్లు. రేసు సైకిల్ కొనాలన్నా, ఉన్నదాన్ని రేసుకు తయారు చేయించుకోవాలన్నా ఒకప్పుడు సికింద్రాబాద్ నుంచి కూడా అతన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మనిషి నడుమూ చేతుల పొడవూ ఒక్కసారి చూసి, ఎంత ఫ్రేము సరిపోతుందో చెప్పేసేవాడు. అలాంటివాడు 2012 జనవరి తర్వాత సన్న టైర్ల సైకిల్ ముట్టుకోవడమే మానేశాడు. ఎవరైనా తెస్తే తల కూడా ఎత్తకుండా, "నేను చేస్తలేను. ఇంకో షాపుల చూపెట్టుకోండ్రి" అని పంపించేసేవాడు. పాలవాళ్ల సైకిళ్లు, బడిపిల్లల సైకిళ్లు, పేపర్లు వేసేవాళ్ల సైకిళ్లు మాత్రం బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

ఎందుకో సందులో ఎవరికీ తెలియదు. అతని భార్య రేణుకకు ఇంకో సంగతి తెలుసు. రోజూ పొద్దున అయిదున్నరకు జగదీశ్వర్ ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు.

"మళ్ల పోయిందా?" అని ఆమె అడుగుతుంది.

"పోయింది."

పెడల్ తొక్కడం ఆపి సైకిల్‌ను దాని మానాన వదిలేస్తే, వెనక చక్రం ఇరుసులోంచి టిక్‌టిక్‌మని సన్నటి చప్పుడు వస్తుంది. అలాంటి చప్పుడొకటి మార్కెట్ వైపు నుంచి వచ్చి, కిటికీ కింద కాస్త నెమ్మదించి, మెయిన్ రోడ్డు వైపు వెళ్లిపోతుంది. మొదట్లో అతను పరుగున పోయి కిటికీ తీసి చూసేవాడు. సందులో కుక్కలు పడుకుని ఉండేవి. అవి చెవి కూడా కదిపేవి కావు. రేణుకకు ఎప్పుడూ ఏమీ వినపడలేదు. కానీ జగదీశ్వర్ ఆ చప్పుడును పొరబడడానికి లేదు. ఏ ఇరుసు చప్పుడు దానిదే. దీంట్లో ఒక స్ప్రింగు బలహీనమై మూడో టిక్కు పడేది కాదు. టిక్ టిక్... టిక్ టిక్. ఆ ఇరుసుకు గ్రీజు పెట్టింది అతనే. స్ప్రింగు తర్వాత మారుద్దాంలే అనుకున్నదీ అతనే. అది భానుప్రకాశ్ సైకిల్.

భానుప్రకాశ్ మొదటిసారి దుకాణానికి వచ్చింది 2011 వానాకాలంలో. పాలమూరు వైపు పిల్లవాడు, ఇరవై మూడేళ్లుంటాయి. తల్లి హనుమమ్మ నగరంలోనే కట్టడాల దగ్గర పనిచేసేది. ఇతను అశోక్‌నగర్ హాస్టల్లో ఉంటూ గ్రూప్ పరీక్షలకు చదివేవాడు, సాయంత్రాలు నారాయణగూడలో పిల్లలకు లెక్కలు చెప్పేవాడు.

"అన్నా, ఒక పాత సైకిల్ కావాలె. ట్యూషన్‌కు పోనీకి. పొద్దుగాల ఇందిరాపార్కు చుట్టు జర తొక్కుకుంటె పానం హుషారుగుంటది, గంతే."

జగదీశ్వర్ అతనికి సరైన సైకిలే చూపించాడు. లావు టైర్లు, నిటారుగా కూర్చుని తొక్కే హ్యాండిల్, బలమైన చక్రాలు. అదే ఇచ్చి పంపిస్తే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆ రోజు ఎవరో బాగుచేయమని ఇచ్చిన రేసు సైకిల్ ఒకటి గోడకు ఆనించి ఉంది. "ఇది తొక్కొచ్చా అన్నా?" అని భాను అడిగాడు. సరే, ఫ్లైఓవర్ దాకా పోయి రమ్మన్నాడు జగదీశ్వర్. దారిలో ఏమైనా చెప్పాల్సి వస్తుందేమోనని తనూ ఒక సైకిల్ తీసుకుని వెంట వెళ్లాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఆ పిల్లవాడు సీటు మీంచి లేవలేదు. భుజాలు కదలలేదు. వీపు పలకలాగా నిలిచిపోయింది. వెనకనుంచి చూస్తున్న జగదీశ్వర్ ఆ వీపు మీంచి చూపు తిప్పలేదు. ఇరవై రెండేళ్లప్పుడు తను కూడా అలాగే తొక్కేవాడు. రాష్ట్రం టీముకు ఎంపికై, బయల్దేరడానికి వారం ముందు మోకాలు విరగ్గొట్టుకున్నాడు.

తిరిగి రాగానే, "తమ్మీ, నీకు ఆ లావు టైర్ల సైకిల్ వద్దు. నేను కట్టిస్త నీకు" అన్నాడు.

"రేసులు నాకెందుకన్నా? తొక్కితె సాలు."

"ఒక్కటి తొక్కి చూడు. నచ్చకుంటె ఇడిసిపెట్టు."

తన యవ్వనంనాటి ఉక్కు ఫ్రేమును అటక మీంచి దింపాడు. దుకాణంలో ఉన్న మంచి సామానంతా దానికే పెట్టాడు. తక్కువ స్పోకుల తేలిక ముందు చక్రం, వేలెడంత సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్. చేతులు అంత ముందుకు చాచి పట్టుకుంటే నడుము నొస్తుందని భాను అంటే, "అలవాటైతది" అన్నాడు. తొక్కడానికి సుఖంగా ఉండేదేదీ ఉంచలేదు. మిగిలింది ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని రెండు కాళ్ల మధ్య పట్టి ఉంచే భాగం. ఆ ఫ్రేముతో వచ్చిన ఉక్కు ఫోర్కు దిట్టమైనదే కానీ బరువు. కిందపడి ఫ్రేము పాడైన ఒక సైకిల్‌ది, కార్బన్ పోగులతో చేసిన ఫోర్కు దుకాణంలో పడి ఉంది. చేత్తో పట్టుకుంటే కాగితమంత తేలిక.

కార్బన్ లోపల చిట్లితే పైకి కనపడదు. నాణెంతో కొట్టి వినాలి. జగదీశ్వర్ రూపాయి బిళ్ల తీసుకుని కింది నుంచి పైకి కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్. ఎడమ కాలు పైభాగాన, స్టిక్కర్ అంటించిన చోట, బొటనవేలంత మేర చప్పుడు మారింది. తడిసిన చెక్క మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది. ఆగి మళ్లీ కొట్టాడు. మళ్లీ అంతే. స్టిక్కర్ ఉంది కదా, దాని కింద జిగురు ఉంటుంది కదా, అందుకే అనుకున్నాడు. స్టిక్కర్ పీకి చూడడానికి రెండు నిమిషాలు పట్టేది. భాను మొదటి రేసు ఇంకో పక్షంలో ఉంది. పీకలేదు. ఉక్కు ఫోర్కును గోడ మేకుకు తగిలించి, కార్బన్‌ది బిగించాడు.

ఆ శరత్కాలమంతా ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె. బస్సులు లేవు, పరీక్షలు వాయిదా పడ్డాయి, బందు రోజుల్లో రోడ్లన్నీ ఖాళీ. రోజూ అయిదున్నరకు భాను ఆ సందులోంచి వెళ్తూ కిటికీ కింద తొక్కడం ఆపేవాడు. ఆ టిక్‌టిక్ వినగానే జగదీశ్వర్ తన సైకిల్ తీసి వెంట బయల్దేరేవాడు. ట్యాంక్‌బండ్ మీద, నెక్లెస్ రోడ్డు మీద ఇద్దరే. మూడు రేసులు తొక్కాడు భాను. నాలుగోది జనవరిలో, మేడ్చల్ దాటాక ఒక దిగుడు రోడ్డు మీద. చిన్న గుంత వచ్చింది, ముందు చక్రం పక్కకు ఒరిగిపోయింది. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

గుంత వల్లే అన్నారు అందరూ. సైకిల్ రోడ్డు పక్కన పడి ఉంది. జగదీశ్వర్ దానికి పదడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆ పదడుగులు వేసి, ఎక్కడ విరిగిందో చూడలేదు. ఎవరో దాన్ని వ్యాన్లో వేశారు, తర్వాత ఇంటివాళ్లు తీసుకుపోయారు. చూడకపోతే తెలియదు, తెలియకపోతే గుంతే కారణం. ఆ మాట మీదే ఏడాదిన్నర గడిపాడు.

2013 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగింది. ఇరవై ఏడు ఇరవై ఎనిమిదేళ్ల ఆడమనిషి దిగి, డ్రైవరు సాయంతో ఒక సైకిల్ దించింది. ముందు చక్రం వేలాడుతోంది. ఫ్రేము మీద నీలం రంగు చూడగానే జగదీశ్వర్ చేతిలోని పానా కింద పడింది.

"జగ్గన్న మీరేనా? నేను స్నేహలత. భానుప్రకాశ్ వాళ్లక్కని."

హిమాయత్‌నగర్లో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తోందట. తల్లీ తనూ బాగ్ లింగంపల్లి బస్తీలో ఒక గదిలో ఉంటున్నారట. సైకిల్ ఇన్నాళ్లూ ఊళ్లో చిన్నాయన ఇంట్లో ఉందని, తెప్పించానని చెప్పింది.

"దీన్ని బాగుచేసి ఇయ్యండ్రి. నేను పనికి దీనిమీద పోత."

"నేను గిసొంటి సైకిళ్లు చేస్తలేనమ్మా."

"మీరు కట్టిందే గద అన్నా. మా తమ్ముడు రోజు మీ ముచ్చట్లే చెప్తుండె. జగ్గన్న చెయ్యి పెడితె సైకిల్‌కు పానం వస్తది అంటుండె."

వచ్చే ఆదివారం వస్తానని ఆమె వెళ్లిపోయింది. సైకిల్‌ను దుకాణం మూలకు నెట్టి, పైన టార్పాలిన్ కప్పాడు.

మర్నాడు అయిదున్నరకు మెలకువ వచ్చింది. సందులో చప్పుడు లేదు. ఏడాదిన్నరలో మొదటిసారి. హమ్మయ్య అనుకోబోయాడు. అప్పుడు వినపడింది. టిక్ టిక్... టిక్ టిక్. మెట్ల కింది నుంచి. ఎక్కడికీ పోవడం లేదు, దగ్గరికి రావడం లేదు. ఉన్నచోటే తిరుగుతోంది.

నాలుగు రోజులు అతను మంచం దిగలేదు. అయిదో రోజు రేణుక, "ఎన్ని దినాలు పంటవ్ ఇట్ల? దిగి చూడు. నేను మెట్ల మీద నిలబడ్త" అంది.

దిగాడు. మెట్టు మెట్టుకూ చప్పుడు స్పష్టమవుతోంది. టార్పాలిన్ అంచు పట్టుకునే దాకా ఉంది. ఎత్తగానే ఆగిపోయింది. వెనక చక్రం కదలకుండా ఉంది. స్పోకుల మధ్య సాలెపురుగు కట్టిన గూడు చెక్కుచెదరలేదు. కానీ అతను చక్రం మీద చెయ్యి వేస్తే, ఎండలో నిలబెట్టి తెచ్చినట్టు రబ్బరు వెచ్చగా తగిలింది.

ఇక తప్పదని మోకాళ్ల మీద కూర్చుని ముందు భాగం చూశాడు. ఫోర్కు ఎడమ కాలు విరిగి ఉంది. స్టిక్కర్ సరిగ్గా రెండుగా చీలింది. టార్చి వేసి దగ్గరగా చూశాడు. విరిగిన అంచులో సగం కొత్తది, పోగులు పోగులుగా బూడిద రంగులో లేచి ఉంది. మిగతా సగం పాతది. ఆ మేర పోగులు ఒకదానికొకటి రాసుకుని రాసుకుని అరిగి, నల్లటి మట్టి పట్టి నున్నగా ఉన్నాయి. ఆ పిల్లవాడు నాలుగు నెలలు సగం చిట్లిన ఫోర్కు మీదే తొక్కాడు.

"ఏమైంది?" అంది రేణుక మెట్ల మీంచి.

"గుంత కాదే," అన్నాడు. "నేనే."

ఆదివారం స్నేహలత వచ్చేసరికి అతను సైకిల్‌ను మధ్యలో నిలబెట్టి, ఫోర్కును విప్పి బల్ల మీద పెట్టి ఉంచాడు. ఆమె కూర్చున్నాక మొత్తం చెప్పాడు. ట్యూషన్‌కు పోయే సైకిల్ అడిగిన వాణ్ని తను ఎట్లా మార్చాడో, ఈ ఫోర్కు ఎక్కడిదో, నాణెం చప్పుడు ఎక్కడ మారిందో, స్టిక్కర్ ఎందుకు పీకలేదో. ఆమె చివరికి అడిగింది.

"వానికి తెల్సా?"

"తెల్వదు. నేను చెప్పలే."

"కొట్టు. నాకు ఇనిపియ్యి."

అంతవరకూ 'మీరు' అంటున్న మనిషి ఏకవచనంలోకి దిగిందని అతను గమనించాడు. రూపాయి బిళ్ల తీశాడు. కింది నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. విరిగినచోటికి దగ్గరకు వచ్చేసరికి చప్పుడు మారింది.

"మళ్ల."

మళ్లీ కొట్టాడు. ఆమె మూడుసార్లు కొట్టించింది. తర్వాత బిళ్ల తన చేతిలోకి తీసుకుని తనే కొట్టి చూసింది.

"నాకేం తెల్వదు గీ సైకిళ్ల గురించి," అంది. "నాకే గింత మంచిగ ఇనపడుతున్నది గదా."

బిళ్ల బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. సైకిల్ సంగతి ఎత్తలేదు. అరవడం, తిట్టడం, పోలీసుల దగ్గరికి పోతానని బెదిరించడం, దేనికైనా అతను సిద్ధపడి ఉన్నాడు. ఆ ఒక్క మాటకు సిద్ధపడలేదు. ఆ రోజు అతను అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మూడు వారాలు ఆమె రాలేదు. చప్పుడు మాత్రం పొద్దున్నే వచ్చింది, టార్పాలిన్ తీసేసినా వచ్చింది. ఇప్పుడతను దిగి, దుకాణంలో ముక్కాలిపీట వేసుకుని దాని పక్కనే కూర్చునేవాడు. ఎండ పొడ వచ్చేదాకా ఆ చప్పుడు ఉండి ఆగిపోయేది. "ఏమన్న అంటడా?" అని రేణుక ఒకరోజు అడిగింది. "ఏమనడు," అన్నాడు. "అదే బాధ."

జూలై నడిమధ్యలో స్నేహలత వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"ఈ ఫ్రేముకే కట్టు. నాకు రేసు వద్దు. బాగ్ లింగంపల్లి నుంచి హిమాయత్‌నగర్, మళ్ల వాపస్. గంతే. ఒక్కొక్క సామాను ఎందుకు పెడుతున్నవో నాకు చెప్పి పెట్టు. నాకు అర్థం కాకుంటె పెట్టొద్దు."

ఆమె మూడు ఆదివారాలు వచ్చింది. మొదటివారం జగదీశ్వర్ ఫ్రేము అతుకుల దగ్గర రంగంతా గీకి, ఉక్కు బయటపెట్టి, భూతద్దం ఆమె చేతికిచ్చి, ఎక్కడా చీలిక లేదని చూపించాడు. మేకు మీంచి ఉక్కు ఫోర్కు దించాడు. బరువెందుకని ఆమె అడిగింది. "ఇది ముందుగాల వంగుతది, తర్వాత విరుగుతది. వంగితె నీకు తెలుస్తది. ఆ కార్బన్‌ది చెప్పకుండ పోయింది" అన్నాడు. రెండోవారం చక్రాలు. "ముప్పై ఆరు స్పోకులు. ఒక్కటి తెగినా ఇంటికి వస్తవు. వాని ముందు చక్రానికి ఇరవయ్యే పెట్టిన, తేలిక కోసం." టైర్లు ఆ ఫ్రేములో పట్టినంత లావువి వేశాడు. హ్యాండిల్ నిటారుది. "నడుము నొయ్యదు, ఎనక నుంచి వచ్చే బండి చూడొచ్చు." గేర్లు తక్కువ, ఫ్లైఓవర్ మీద కూర్చునే ఎక్కగలిగేటన్ని. వెనక ఇరుసు విప్పి, బలహీనమైన స్ప్రింగు తీసి ఆమె అరచేతిలో పెట్టి, కొత్తది వేశాడు. సీటు దగ్గర ఆమె ఆపింది.

"ఇది వానిదేనా?"

"వానిదే. నీకు సరిపోదమ్మా. ఆడవాళ్లకు జర వెడల్పుది ఉండాలె."

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని కాసేపు చూసింది. "సరే, వెడల్పుదే పెట్టు," అంది. పాతదాన్ని సంచిలో వేసుకుంది.

మూడో ఆదివారం సైకిల్ తయారైంది. ఆమె ఎక్కలేదు.

"ముందు నువ్వు తొక్కు. ఫ్లైఓవర్ ఎక్కి, దిగి, నేను చూస్తుంటె బ్రేకు కొట్టు."

భాను పోయిన జనవరి తర్వాత జగదీశ్వర్ సైకిల్ ఎక్కింది లేదు. ఎక్కాడు. ఆమె ఫ్లైఓవర్ దిగే చోట నిలబడింది. ఎక్కుడులో మోకాలు కలుక్కుమంది. పైకి చేరి, దిగుడులో తొక్కడం ఆపాడు. కింద ఇరుసు పలికింది, ఇప్పుడు ఒక్క టిక్కు తప్పకుండా. గాలి చెవుల్లో కొడుతోంది. తన ఎడమ పక్కన, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఇంకో చప్పుడు కూడా వస్తోంది. మూడోది తప్పుతూ. అతను అటు తిరగలేదు. రెండూ కలిసి దిగాయి. స్నేహలత ఎదుటికి వచ్చి అతను బ్రేకు నొక్కేసరికి ఒక్కటే ఆగింది, ఆ రెండోది ఆగకుండా నారాయణగూడ చౌరస్తా వైపు వెళ్లిపోయింది.

ఆమె అతని ముఖం చూసింది. సైకిల్ చేతిలోకి తీసుకుంది.

"ఇప్పుడు మా అమ్మకు చెప్పు. నేను చెప్పలే. అది నీ పని."

బస్తీలో ఇరుకు గల్లీ. హనుమమ్మ గది ముందు కూర్చుని, సిమెంటుకు పగిలిన మడమలను రాయితో రుద్దుకుంటోంది. స్నేహలత సైకిల్‌ను గోడకు ఆనించి పక్కన నిలబడింది. జగదీశ్వర్ నిలబడే చెప్పాడు. కూతురికి చెప్పినవన్నీ చెప్పాడు, ఒక్కటీ తగ్గించలేదు. హనుమమ్మ చేతిలోని రాయి మధ్యలోనే ఆగింది. అతను చెప్పడం అయిపోయాక అడిగింది.

"ఆ దినం గెలుస్తుండెనా వాడు?"

అవునంటే సరిపోతుంది. కాదనడానికి అక్కడ చూసినవాళ్లెవరూ లేరు. జగదీశ్వర్ నోటిదాకా వచ్చింది ఆ మాట.

"లేదక్కా," అన్నాడు. "పదకొండో నంబరుల ఉన్నడు."

"ఎంతమందిల?"

"యాభై రెండుమంది."

"పదకొండు," అంది ఆమె. "ఫోన్ల ఎప్పుడడిగినా ఫస్ట్ వచ్చిన అమ్మా అంటుండె. మూడుసార్లు ఫస్ట్ వచ్చిన అన్నడు."

"మూడుసార్లల ఒక్కపారి నాలుగో నంబరు వచ్చిండు. అదే ఎక్కువ."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతన్ని పొమ్మనలేదు, కూర్చోమనలేదు. ఎండ గల్లీలోకి దిగుతోంది. స్నేహలత లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి తల్లికి మాత్రమే ఇచ్చింది. హనుమమ్మ రెండు గుక్కలు తాగి, చెంబు పక్కన పెట్టి, ముఖం తుడుచుకుంది.

"ఆ పొద్దు ఏం తిన్నడు?"

"రెండు అరటిపండ్లు. నేను ఉడకబెట్టిన గుడ్లు తెస్తె, వద్దన్నడు."

"గుడ్డు తినడు వాడు. చిన్నప్పటి సంది." ఆమె మోకాళ్లు దగ్గరకు ముడుచుకుంది. "ఏ అంగి ఏసుకున్నడు?"

"పచ్చ రంగుది. దాని లోపల ఉన్ని బనీను. చలి పెడుతుండె ఆ దినం."

"నేను కొన్నదే," అంది. "తర్వాత?"

జగదీశ్వర్ పొద్దున నాలుగున్నరకు భాను హాస్టల్ మెట్లు దిగి వచ్చిన దగ్గర నుంచి మొదలుపెట్టాడు.